తన చెవికే వినపడే పాట

మట్టల ఆదివారం ఆరాధనలో మూడో పాట సగంలో ఉండగా నిర్మల ఎడమ చెవి ఇక నావల్ల కాదని మొండికేసింది.

ఆ చెవిని బాధపెడుతున్న ఇయర్ ఫోన్స్ క్రిస్మస్ తరవాత వచ్చాయి. చెవి లోపలికంటా దూరి కూర్చునే రకం. రేపల్లెలో వాళ్ళ చర్చి క్వయర్‌కి ప్రభుదాసు గారు మాస్టరు. బ్యాంకులో రిటైరైన దగ్గర్నుంచి ఆయన ధ్యాసంతా క్వయర్ మీదే. హార్మోనియం, తబలా మూలకి చేరాయి. వాటి బదులు ట్రాకులు వచ్చాయి. వాయిద్యాలన్నీ ముందే వాయించి పెట్టి ఉంటాయి, లాప్‌టాప్‌లో ఒక్క నొక్కు నొక్కితే చర్చి అదిరిపోతుంది. ఆ ట్రాకుతో కలిసి పాడాలంటే అది చెవిలో స్పష్టంగా వినపడాలి గనక, పాడే ఆరుగురికీ, మాస్టరు గారికీ చెవుల్లోకి ఇవి వచ్చాయి. ముసలివాళ్ళు మాత్రం వాటిని బిరడాలనే అంటారు. నడుముకి అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్ద డబ్బా, దాన్నుంచి జాకెట్టు వెనకగా పైకి పాకి చెవి చుట్టూ తిరిగే తీగ. ఎవరి చెవిలో ఏం వినపడాలో, బయట బాక్సుల్లో ఏం వినపడాలో వేరువేరుగా అమర్చవచ్చు. ఆ అమర్చే పని మిక్సరు దగ్గర కూర్చున్నవాళ్ళది. మిక్సరు దగ్గర కూర్చునేది నిర్మల కూతురు లిఖితే. బాపట్లలో ఇంజనీరింగ్ చదువుతోంది, శనివారం వచ్చి సోమవారం పొద్దున్నే వెళ్తుంది.

మొదటిసారి అవి పెట్టుకుని పాడినరోజు నిర్మలకి కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. ఇన్నేళ్ళూ గోడకి వేలాడే బాక్సులోంచి గరగరమంటూ తిరిగొచ్చే గొంతే తన గొంతనుకుంది. ఇప్పుడది చెవి పక్కనే, ఊపిరి పీల్చుకున్న సంగతి కూడా తెలిసేంత దగ్గరగా, తేనె రాసినట్టు వినపడుతోంది. నా గొంతు ఇంత బాగుంటుందా అని ఆ రాత్రి మొగుణ్ణి రెండుసార్లు అడిగింది. ఆయన రెండుసార్లూ అవునన్నాడు.

సుఖం మాత్రం గొంతుకే, చెవికి కాదు. నిర్మల ఎడమ చెవి రంధ్రం సన్నం. చిన్న రబ్బరు తొడుగు కూడా అందులో ఇమడదు. చెమట పడితే జారుతుంది, జారితే పాట మధ్యలో పైట సర్దుకున్నట్టు నటిస్తూ వేలితో లోపలికి నొక్కాలి. ఆరాధన అయ్యేసరికి చెవి ఎర్రగా కందిపోయేది. ఇంటికి వచ్చి కొబ్బరినూనె రాసుకునేది. కీబోర్డు వాయించే వినయ్ కుమార్ ప్రతివారం "అలవాటైపోద్దాంటీ" అనేవాడు. ఎండాకాలం వచ్చినా చెవికి ఆ మాట తలకెక్కలేదు.

ఆ ఆదివారం చేతిలో ఈతమట్ట, ఎదురుగా లైవ్ కెమెరా. చరణం ఎత్తుకునే ముందు చెవిలో సూదితో పొడిచినట్టయింది. నిర్మల ఎడమదాన్ని లాగేసింది.

లాగేసిన చెవిలోకి చర్చి వచ్చింది. ట్రాకులో డ్రమ్ములు, పక్కన పాడే మిగతా ఐదుగురి గొంతులు, ఫ్యాన్ల చప్పుడు. తన గొంతు లేదు. కుడిచెవిలో తను నిండుగా పాడుతోంది, ఎడమచెవిలో అసలు లేదు. బాక్సు అటు తిరిగి ఉందేమోనని ఒక అడుగు పక్కకి వేసింది. పై శ్రుతికి వెళ్ళి, నరాలు తేలేలా పాడింది. బయట ఈగ వాలినంత తేడా కూడా రాలేదు.

బయట ఇంకొకటి కూడా లేదని ఆమెకి తరవాత తెలిసింది. జనం పాడటం లేదు. చర్చి నిండా మనుషులు, చేతుల్లో పాటల పుస్తకాలు తెరిచే ఉన్నాయి, నోళ్ళు మాత్రం మూసుకుని ఉన్నాయి. పెళ్ళిలో ఫొటో వాడు కదలొద్దన్నట్టు అందరూ మట్టలు పట్టుకుని నిలబడి క్వయర్‌ని చూస్తున్నారు.

కంగారుగా బిరడా మళ్ళీ చెవిలో పెట్టుకుంది. వెంటనే తన గొంతు తేనెలా తిరిగొచ్చింది. మొదటిసారి ఆ తీపి ఆమెకి వెగటనిపించింది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర మొగుడు రమేష్ బాబుకి గుత్తొంకాయ వడ్డిస్తూ, "ఇవాళ నా పాట వినపడిందా మీకు?" అని అడిగింది.

"వినపడకుండా ఎట్టా ఉంటది? బ్రహ్మాండంగా పాడావు."

ఆరాధనలో సగంసేపు ఆయన గేటు దగ్గర స్కూటర్లు సర్దుతూ ఉంటాడని ఆమెకి తెలుసు. లిఖిత మాత్రం తల ఎత్తకుండా మజ్జిగ కలుపుకుంటోంది. కలిపిన అన్నాన్నే మళ్ళీ మళ్ళీ కలుపుతోంది.

సాయంత్రం, ఆ వారం రాబోయే శుక్రవారం పాటలకి ప్రాక్టీసు. గుడ్ ఫ్రైడే నాడు మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల ఆరాధన. ఏడుగురు ఏడు మాటల మీద మాట్లాడతారు, ఒక్కో మాట తరవాత ఒక్కో పాట. నాలుగో మాట అన్నిట్లోకీ బరువైనది, దేవుడు కూడా చెయ్యి వదిలేశాడా అని అడిగే మాట. దాని తరవాత పాటని వాయిద్యం లేకుండా ఒంటి గొంతు ఎత్తుకోవాలి, పల్లవి అయ్యాక జనం అందుకోవాలి. ఏటా ఎత్తుకునేది నిర్మలే. లిఖిత కడుపులో ఉన్నప్పుడు కూడా కుర్చీ పట్టుకుని నిలబడి ఎత్తుకుంది. ఏడాదంతా కాలేజీ ఆఫీసులో ఫీజు రసీదులు రాసే మనిషికి ఆ ఒక్క పాట ఏంటో అది ఎత్తుకున్నవాళ్ళకే తెలియాలి.

ప్రాక్టీసులో ఆ పాట దగ్గరికి వచ్చేసరికి ప్రభుదాసు గారు కాగితం తిప్పేశారు. "అది నీకు కొట్టినపిండే గదమ్మా, దానికి ప్రాక్టీసెందుకు" అన్నారు, ఆమె కళ్ళలోకి చూడకుండా.

అయిదో మాట పాట మొదలైంది. మొదటి చరణం దాకా పాడింది నిర్మల. రెండో చరణంలో ఆమెకేం తోచిందో, గొంతు ఆపేసి పెదాలు మాత్రమే ఆడించింది. ముఖంలో భావం, చేతి తాళం, ఊపిరికి భుజం లేవడం, అన్నీ అట్లాగే ఉన్నాయి. పాట ఒక్కటే లేదు. చెవిలో ఆమె ఉండాల్సిన చోట ఖాళీగా ఉంది.

ఎదురుగా చెవుల్లో బిరడాలతో నిలబడ్డ ప్రభుదాసు గారు తాళం వేస్తూ ఆమె వైపే చూసి, "ఆఁ, అదీ" అన్నట్టు తల ఊపారు. పక్కన పాడే అమ్మాయి చిరునవ్వు నవ్వింది. ఒక్కరికి కూడా ఏ లోటూ తెలియలేదు.

అప్పుడు చర్చి చివర, మిక్సరు దగ్గర, లిఖిత తల ఎత్తింది. పెద్ద హెడ్‌ఫోన్స్‌ని చెవులకి అదుముకుంది. ఏదో మీట పైకి జరిపింది, కిందికి జరిపింది. పాట అయ్యీ కాకముందే కుర్చీల మధ్య నుంచి గబగబా నడిచి వచ్చింది.

"అమ్మా, బ్యాటరీ అయిపోయినట్టుంది. డబ్బా ఇటియ్యి."

"బ్యాటరీ బానే ఉంది" అంది నిర్మల. "నేనే పాడలా."

నడుము దగ్గరి డబ్బా మీద లిఖిత చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆ పిల్ల మెడ దగ్గర మొదలైన ఎరుపు చెవుల దాకా పాకింది. ఇంత చర్చిలో తన పాట వింటున్న మనిషి ఒక్కతే ఉందని, ఆ ఒక్కతే తనని బయటికి వినపడకుండా ఆపేసిందని నిర్మలకి అర్థమైంది. గొంతు బయటికి ఆపి, చెవిలోకి మాత్రం పంపిస్తోంది. పసిపిల్ల ఏడవకుండా నోట్లో తేనెపీక పెట్టినట్టు.

ఆ పూట ఇంట్లో ఇద్దరూ ఉప్పు, పప్పు తప్ప ఇంకేం మాట్లాడుకోలేదు.

సోమవారం పొద్దున రేపల్లె ప్యాసింజర్‌లో తల్లీకూతుళ్ళు ఎదురెదురుగా కూర్చున్నారు. నిర్మల తెనాలిలో దిగి కాలేజీకి వెళ్ళాలి, లిఖిత తెనాలిలో రైలు మారి బాపట్ల వెళ్ళాలి. రైలు కదలగానే లిఖిత తన చెవుల్లో తన ఇయర్ ఫోన్స్ పెట్టుకుని కళ్ళు మూసుకుంది. ఏ పాటా వినడం లేదని నిర్మలకి తెలుసు. పాట వింటున్నప్పుడు ఆ పిల్ల బొటనవేలు ఆడుతుంది. ఇప్పుడు ఆడటం లేదు.

భట్టిప్రోలు దాటింది. పెట్టెలో రొయ్యల బుట్టల వాసన, కాలేజీ పిల్లల గోల, ఎవరి ఫోనులోంచో సినిమా డైలాగులు. నిర్మల పర్సు తీసింది, మూసింది. కిటికీ దించింది, ఎత్తింది. పక్కనున్నావిడ ఏమ్మా ఒంట్లో బాలేదా అని అడిగింది కూడా. వేమూరు దగ్గర ఇక ఉండబట్టలేక చెయ్యి చాచి కూతురి ఎడమచెవిలోది తీసి తన చెవిలో పెట్టుకుంది. అనుకున్నట్టే నిశ్శబ్దం. కానీ అది చెవిలో ఉన్నట్టే లేదు. మెత్తగా ఇమిడిపోయింది.

"ఇది నొప్పెట్టట్లేదే" అంది.

లిఖిత కళ్ళు తెరిచింది. "అది వేరే రకం రబ్బరమ్మా. మెత్తటిది. చెవిని బట్టి సర్దుకుంటది."

"అట్టాంటివి కూడా ఉంటాయన్నమాట."

తెనాలి వచ్చింది. జనం తోసుకుంటూ దిగుతున్నారు. నిర్మల బయటికి వెళ్ళే దారి వైపు నాలుగడుగులు వేసి, ఆగి, వెనక్కి తిరిగి కూతురి వెనకాలే బాపట్ల రైలు ఆగే ప్లాట్‌ఫారం వైపు నడిచింది.

"అమ్మా, ఆఫీసు?"

"ఫోన్ చేస్తాలే. ఒక్కపూట రసీదులు ఆగితే కాలేజీ కూలిపోదు."

పిల్ల పుట్టిన తరవాత ఒంట్లో బాగుండి ఆవిడ ఆఫీసు మానడం అదే మొదలు.

రైల్లో నిలబడటానికే చోటు లేదు. బాపట్లలో దిగాక, జనమంతా వెళ్ళిపోయిన ప్లాట్‌ఫారం మీద సిమెంటు బల్ల మీద కూర్చున్నారు. కాస్త అవతల వేరుశనక్కాయల బుట్ట ముందు పెట్టుకుని ఒకావిడ పొట్లాలు చుడుతోంది.

"ఎవరు ఆపమన్నారు?" అని అడిగింది నిర్మల.

"ప్రభుదాస్ అంకుల్. నీ శ్రుతి దిగిపోతోందన్నారు. లైవ్‌లో ఎవరో కామెంట్ పెట్టారంట. నీతో చెప్పబోయారంట గానీ నోరు రాలేదంట."

"నోరు రాక నీతో చేయించాడా?"

"ఆయన ఆపమన్నారంతే. నీ చెవిలో నీ గొంతు పెంచింది నేనేనమ్మా." లిఖిత ఇయర్ ఫోన్ తీగని వేలికి చుడుతోంది, విప్పుతోంది. "అవి పెట్టుకున్న మొదటిరోజు నువ్వు అంత సంతోషంగా ఉన్నావు. ఆ సంతోషం పోకూడదనుకున్నా."

"మరి శుక్రవారం? నాలుగో మాట పాట?"

వేలి చుట్టూ తీగ బిగుసుకుంది. "ట్రాకులో ఒకమ్మాయి పాడింది ఉంది. బయటికి అది వెళ్తది. నీ చెవిలోకి నీది."

నిర్మలకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒళ్ళు మండిపోయింది. గుడ్ ఫ్రైడే నాడు, తెల్లచీర కట్టుకుని, అందరి ముందూ నిలబడి తను నోరాడిస్తుంటే ఎవరో ముక్కూ మొహం తెలియని పిల్ల పాడుతుంది. జనం అది నిర్మల గొంతనుకుంటారు. తను కూడా అనుకుంటుంది. పాట అయ్యాక ఆడవాళ్ళు వచ్చి చేతులు పట్టుకుని మెచ్చుకుంటారు, తను సిగ్గుపడుతూ వందనాలు చెబుతుంది. ఆ క్షణంలో కూతురి చెంప పగలగొట్టాలనిపించింది. చెయ్యి లేచింది కూడా. ఎదురుగా శనక్కాయలావిడ చూస్తోంది. లేచిన చేత్తో జుట్టు సర్దుకుంది.

"నాకు ముందే చెప్పొచ్చుగా" అంది.

"చెప్తే మానేస్తావని."

"మానేస్తే మానేసేదాన్ని. తెలిసి మానేసేదాన్ని. ఇట్టా నన్ను నిలబెట్టి బొమ్మలాట ఆడిస్తారా?"

లిఖిత ఏడుస్తోంది. నిర్మల ఓదార్చలేదు. "నేను పాడింది ఉందా నీ దగ్గర? నాదొక్కదే?" అని అడిగింది. ఉందని తల ఊపింది. "వినిపించు."

కూతురి మెత్తటి ఇయర్ ఫోన్స్ రెండు చెవుల్లో పెట్టుకుని, మిక్సరులోంచి ఉన్నదున్నట్టు వచ్చిన తన పాట వింది. చెవిలో తేనె పూసి ఇన్నాళ్ళూ వినిపించిన గొంతు కాదు ఇది. ముక్కు దిబ్బడేసినవాళ్ళు పాడినట్టుంది. చరణం మొదట్లో సరిగ్గానే ఉండి, పైకి వెళ్ళాల్సిన చోటల్లా అర మెట్టు కిందే ఆగిపోతోంది. ఒకసారి మొత్తం వింది. మళ్ళీ మొదట్నుంచి వింది. తప్పున్న రసీదుని చూసినట్టు మొహం పెట్టి చివరిదాకా వింది.

"నిజమే. దిగిపోయింది" అంది.

అలా ఒప్పుకున్నాక లోపల ఏదో తేలికపడింది, బాధ మాత్రం తగ్గలేదు.

"ఇవి రాకముందు నీకట్టా లేదమ్మా" అంది లిఖిత ముక్కు తుడుచుకుంటూ. "క్రిస్మస్ పాటలు మళ్ళీ విన్నాను. ట్రాకు నీ శ్రుతికన్నా బాగా ఎత్తు. దానికితోడు చెవులు మూసేస్తే మన గొంతు తల లోపలే మోగుద్ది. పై శ్రుతి అందేసిందిలే అనుకుంటాం. పైన నేనింకా పెంచి పోశాను."

నిర్మల ఇయర్ ఫోన్స్ తీసేసి, అరచేతులతో రెండు చెవులూ మూసుకుని సన్నగా కూనిరాగం తీసింది. తలంతా గుమ్మటంలా మోగింది. చేతులు తీసి అదే రాగం తీసింది. సన్నగా, చిన్నగా, ప్లాట్‌ఫారం మీద కాకి అరుపు పక్కన పడి ఉంది. మళ్ళీ మూసింది, మళ్ళీ తీసింది. శనక్కాయలావిడ పొట్లం చుట్టడం మానేసి, పాపం ఈవిడకేమైందోనని చూస్తోంది.

"నిన్న జనం కూడా పాడట్లేదు. ఎన్నాళ్ళ నుంచి?" అని అడిగింది నిర్మల.

లిఖిత అయోమయంగా చూసింది. "జనమా? నాకేం తెలుసమ్మా. హెడ్‌ఫోన్స్‌లో మైకులున్నవాళ్ళే వినపడతారు."

ఆ జవాబు మంగళవారం సాయంత్రం చర్చి ఆడవాళ్ళంతా కలిసే స్త్రీల సమాజం కూటంలో దొరికింది. ముందు వరస కుర్చీలో ఎప్పుడూ కూర్చునే సరోజమ్మ, ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన పెద్దావిడ, నిర్మల అడగ్గానే నవ్వేసింది.

"ఆ ఎత్తు మేమెక్కడ అందుకుంటామే? ఒకసారి ప్రయత్నించా, దగ్గొచ్చింది. మా పక్కన దానమ్మైతే పుస్తకం తలకిందులుగా పట్టుకున్నా ఎవరికీ తెలియలా. అయినా మీరు చెవులకి బిరడాలు పెట్టుకున్నాక మేం పాడితేనేం, పాడకపోతేనేం?"

తిట్టినట్టు కాదు, వాన రావట్లేదన్నట్టు అంది. తిట్టినా బాగుండేదనిపించింది నిర్మలకి.

బుధవారం ప్రభుదాసు గారింటికి వెళ్ళింది. ఆయన వరండాలో బల్ల ముందు కూర్చుని, దూదిని స్పిరిట్‌లో ముంచి ఒక్కో ఇయర్ ఫోన్‌నీ తుడుస్తున్నారు. రబ్బరు తొడుగులు ఊడదీసి గిన్నెలో సబ్బునీళ్ళలో వేశారు. ఒక్కొక్కరికీ పేరు రాసిన చిన్న సంచీ. పసిపిల్లలకి స్నానం చేయిస్తున్నంత జాగ్రత్తగా చేస్తున్నారు ఆ పని.

"కూర్చో చెల్లెమ్మా. లిఖిత ఫోన్ చేసింది." దూది పారేసి చేతులు తుడుచుకున్నారు. "నా తప్పే. నిన్నెవరూ ఒక మాట అనకూడదనుకున్నా. లైవ్‌లో మనవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో చూస్తారు. అందులో ఒకడు రాశాడు, ఎవరో ముసలావిడ శ్రుతి చెడగొడుతోందని."

ముసలావిడ అన్న మాట నిర్మలకి తగలాల్సిన చోటే తగిలింది. తమాయించుకుంది. "నన్ను ఎవరూ అనకుండా ఉండటానికి నన్నే తీసేశారా అన్నయ్యా?"

ఆయన గిన్నెలోంచి రబ్బరు తొడుగొకటి తీసి తుడవసాగారు.

"శుక్రవారం నా పాట నేను పాడతాను. నా శ్రుతిలో. ట్రాకు లేకుండా. ఎప్పట్లాగే."

"వద్దమ్మా. లైవ్ ఉంది." ఆయన గొంతు మెత్తగానే ఉంది గానీ కదిలేలా లేదు. "ఈసారికి ట్రాకే పాడుతుంది. నువ్వు నీ చోట్లో నిలబడు. నువ్వు లేకపోతే జనం అడుగుతారు."

"నిలబడి నోరాడించాలా?"

ప్రభుదాసు గారు ఆమె పేరున్న సంచీ తీసి అందించారు. "నీ ఎడమ చెవికని సన్న రబ్బరు తెప్పించా. ఇంక నొప్పెట్టదు" అన్నారు. ఆయన నిజంగానే శ్రద్ధపెట్టి తెప్పించారు. అదే నిర్మలకి మింగుడుపడలేదు. చెవి నొప్పి పట్టించుకున్న మనిషికి గొంతు నొప్పి ఎందుకు పట్టలేదో ఇల్లు చేరేదాకా ఆలోచించినా తెలియలేదు.

గురువారం సాయంత్రం లిఖిత బాపట్ల నుంచి వచ్చింది. గుమ్మంలోనే నిర్మల ఆ పిల్లకి ఒకటే మాట చెప్పింది. "రేపు నాలుగో మాట పాటకి నేను చెవిలో ఏదీ పెట్టుకోను. ట్రాకు మొదలయ్యేలోపే ఎత్తుకుంటా. నా మైకు బయటికి పెడతావో పెట్టవో నీ ఇష్టం."

"తప్పు పోతే?"

"పోతే నాదే పోద్ది. ఇంకెవరిదో పాడి మెప్పు తెచ్చుకోవడం కన్నా నయం."

లిఖిత బ్యాగు లోపల పెట్టడానికి వెళ్ళిపోయింది.

శుక్రవారం మధ్యాహ్నం ఎండ చర్చి రేకుల మీద కూర్చుని కదలనంది. ఫ్యాన్లు వేడిగాలినే అటూ ఇటూ తిప్పుతున్నాయి. అంతా తెల్లబట్టలు. మొదటి మూడు మాటలూ, మూడు పాటలూ అయ్యాయి. జనం నిలబడ్డారు, కూర్చున్నారు, విసనకర్రలు ఊపుకున్నారు. నోరు మాత్రం ఎవరూ తెరవలేదు. కొత్త రబ్బరు నిజంగానే నొప్పెట్టలేదు. చెవిలో తన గొంతు ఇంకా తియ్యగానే ఉంది. అసలు సంగతి తెలిసిపోయాక కూడా అంత తియ్యగా ఉండటం చూస్తే ఆమెకి భయమేసింది. నిలబడ్డ చోట నిలబడలేక కాలు మార్చింది. మైకు చెమటకి జారుతోంది.

నాలుగో మాట మీద మాట్లాడుతున్నాయన చివరి వాక్యాలకి వచ్చాడు. లాప్‌టాప్ దగ్గర వినయ్ కుమార్ వేలు ఎత్తి సిద్ధంగా ఉన్నాడు. ప్రభుదాసు గారు చెవుల్లో బిరడాలు సర్దుకున్నారు. చర్చి చివర లిఖిత తల కనపడుతోంది, చేతులు కనపడటం లేదు.

మాట ముగిసింది. నిర్మల రెండు చెవుల్లోవీ తీసి భుజాల మీదుగా వదిలేసింది. ఒక్కసారిగా చర్చి చెవుల్లోకి వచ్చింది. ఎవరి బిడ్డో సణుగుతోంది, ఎక్కడో కుర్చీ కిర్రుమంది, సరోజమ్మ దగ్గును కొంగులో దాచుకుంటోంది. వినయ్ వేలు దిగేలోపే నిర్మల ఎత్తుకుంది.

మొదటి మాట నోట్లోంచి వెళ్ళాక, అది బాక్సుల్లోకి వెళ్ళిందో లేదో తెలియని చిన్న ఖాళీ ఒకటి వచ్చింది. అంత చిన్న ఖాళీలో ఆమె చచ్చి బతికింది. తరవాత గోడకున్న బాక్సుల్లోంచి తన గొంతు, అదే పాత గరగరతో, చర్చి మీద పడింది. తేనె లేదు, ఏమీ లేదు. కాస్త బొంగురు, పైన కాస్త వణుకు. మైకు తెరిచింది లిఖిత.

వినయ్ కుమార్ వేలు గాల్లోనే ఉండిపోయింది. ప్రభుదాసు గారికి మాత్రం చెవుల్లో ఏమీ వినపడలేదు. లిఖిత బయటికైతే తెరిచింది గానీ, ఆయన చెవిలోకి పంపలేదు. ట్రాకు ఇంకా మొదలు కాలేదనుకుని వినయ్ వైపు కళ్ళెర్రజేసి, నొక్కమని సైగ చేశారు. వినయ్ నిర్మల వైపు చెయ్యి చూపించాడు. ఆయనకి అర్థం కాక, జనం ఏమనుకుంటున్నారోనని అటు తిరిగారు.

సరోజమ్మ నోరు తెరుచుకుని ఉంది. ఆవిడ పక్కన దానమ్మ నోరు తెరుచుకుని ఉంది. ఆడవాళ్ళ వైపు వరస తరవాత వరస, మగవాళ్ళ వైపు గోడవార నిలబడ్డవాళ్ళు, గేటు దగ్గర్నుంచి లోపలికొచ్చి చెప్పులు చేత్తో పట్టుకున్న రమేష్ బాబు, అందరి నోళ్ళూ ఒక్కసారే తెరుచుకుని, ఒక్కసారే మూసుకుంటున్నాయి. ఆయన చెవుల్లో మాత్రం చీమ చిటుక్కుమనలేదు. ప్రభుదాసు గారు మెల్లిగా ఒకవైపు బిరడా తీశారు.

తీసిన చెయ్యి అట్లాగే మెడ దగ్గర ఉండిపోయింది. ఒక చరణం అంతా విన్నాక కీబోర్డు దగ్గరికి నడిచి, వినయ్‌ని పక్కకి జరగమని, ఒక్క వేలితో ఒక మెట్టు తాకి చూశారు. అది ఎత్తయింది. కిందిది తాకారు. ఇంకా కిందిది తాకారు. అక్కడ నిర్మల దొరికింది. ఆ మెట్టుని సన్నగా, పక్కవాళ్ళకి కూడా తెలియనంత మెల్లిగా నొక్కి పట్టుకున్నారు.

రెండో చరణం చివర నిర్మలకి ఊపిరి చాలలేదు. గొంతు జారింది, మాట మధ్యలో తెగిపోయింది. కానీ పాట ఆగలేదు. ఆమె వదిలేసిన మాటని జనం పట్టుకుని ముందుకి తీసుకుపోయారు. తను నోరు మూసుకుని నిలబడి ఉంటే, తన పాట తన చుట్టూ నడుస్తోంది. ఇంత సంతోషం ఏ బిరడా ఆమె చెవిలో ఎప్పుడూ పోయలేదు.

శనివారం పొద్దుటి నుంచి ఫోన్లు. హైదరాబాదులో ఉండే మరిది చేశాడు. "వదినా, నిన్న సౌండ్ ఏమన్నా ప్రాబ్లమా? మ్యూజిక్ లేదు, ఏం లేదు. నువ్వొక్కదానివే పాడుతున్నట్టుంది. మధ్యలో నువ్వు కూడా ఆగిపోయావు."

"అవునయ్యా, ప్రాబ్లమే" అని పెట్టేసింది.

మధ్యాహ్నం లిఖిత లైవ్ రికార్డింగ్ వినిపించింది. తల్లికి ఒకటి, తనకొకటి, చెరొక చెవిలో పెట్టుకుని మంచం మీద కూర్చున్నారు. మరిది చెప్పింది నిజమే. బొంగురు గొంతొకటి, ఒంటరిగా, పెద్ద ఖాళీ గదిలో పాడుతున్నట్టుంది. రెండో చరణంలో అది తెగిపోయాక చాలాసేపు ఏమీ లేదు. మళ్ళీ ఎక్కడో మొదలైంది.

"మరి వాళ్ళేరి?" అంది నిర్మల. "అంతమంది పాడారే."

"వాళ్ళకి మైకు లేదుగా అమ్మా. మైకున్నదే ఇందులోకి వస్తది." లిఖిత ఫోను తీసుకుంది. "ఇది చూసి అందరూ ఏదేదో రాస్తున్నారు. తీసేయనా?"

"ఉండనీ. అది నేనేగా."

నిర్మల చెవిలోది తీసి కూతురి అరచేతిలో పెట్టింది. లేచి వెళ్ళి ఈస్టర్‌కి ఇస్త్రీ చెయ్యాల్సిన చీర తీసింది. మడత విప్పుతూ ఆగింది.

"రేపు ఆడవాళ్ళ వైపు, సరోజమ్మ గారి దగ్గర ఒక మైకు పెట్టు."

"ఎక్కడిదమ్మా? ఉన్న ఆరూ క్వయర్‌కే సరిపోతాయి. ఎక్కువది లేదు."

"నాది ఉందిగా" అంది నిర్మల, ఇస్త్రీపెట్టె వేడెక్కిందో లేదో వేలితో తాకి చూసుకుంటూ.